కుట్టుమిషన్ బల్లలో రివాల్వర్

మామయ్య సంవత్సరీకాలకు ఆల్బనీ నుంచి వెల్లింగ్టన్ వెళ్లాను. భోజనాలయ్యాక హాల్లో చేరిన పాత స్నేహితులు ఆయన చెప్పే కబుర్లు తలుచుకుంటున్నారు. వాళ్లలో ఒకాయన, "రివాల్వర్ సంగతి గుర్తుందా? ఎవడో బుద్ధిలేనివాడు ఆకురాయి పెట్టి దాన్ని పాడుచెయ్యకపోతే ఈపాటికి సముద్రం ఎదురుగా ఇల్లు కొనేవాణ్ణి అనేవాడు పాపం" అని నవ్వాడు. అందరూ నవ్వారు. అత్తయ్య మజ్జిగ గ్లాసులు పోగుచేసుకుని వంటింట్లోకి వెళ్తూ నా వైపు ఒకసారి చూసింది. ఆ కథ మామయ్య ఎన్ని ఇళ్లల్లో ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. కానీ ఆయనకు తెలిసింది అందులో సగమే. మిగతా సగం నాకూ అత్తయ్యకూ మాత్రమే తెలుసు. ఆయన ఉండగా రాయడానికి మనసొప్పలేదు. ఇప్పుడు రాయనా అని అడిగితే అత్తయ్య, "రాసుకో. దాచుకుని ఎవరికి పెడతాం" అంది.

అత్తయ్య మా నాన్నకు చెల్లెలు. మామయ్యకు కంప్యూటర్ ఉద్యోగం దొరికి కాకినాడ నుంచి వెల్లింగ్టన్ శివారు జాన్సన్‌విల్ వచ్చి అప్పటికి మూడేళ్లు. నేను డునెడిన్‌లో చదువు ముగించుకుని, ఉద్యోగం దొరికేదాకా అని వాళ్లింట్లో చేరాను. కొండవాలు మీద చెక్క ఇల్లు. దక్షిణపు గాలి లేస్తే ఇల్లంతా పడవలా కిర్రుమనేది. పోపు వెయ్యాలంటే ముందు కిటికీ తెరవాలి, లేకపోతే స్మోక్ అలారం కూస్తుంది. తెరిస్తే గాలికి కర్టెన్ పొయ్యి మీదికి వస్తుంది. అందుకని అత్తయ్య ఆవాలు వేసినప్పుడల్లా నేను కర్టెన్ రెండు చేతులా పట్టుకుని నిలబడేదాన్ని. ఇంగువ వాసన, తడి ఉన్ని కోట్ల వాసన, మామయ్య ఆదివారం ఇస్త్రీ చేసుకునే ఐదు చొక్కాల ఆవిరి వాసన కలిసిపోయి ఉండేవి ఆ ఇంట్లో. ఇస్త్రీ చేస్తూ ఆయన నాటకాల పద్యాలు పాడేవాడు. రాగం మధ్యలో గొంతు అందకపోతే ఇస్త్రీపెట్టె ఎత్తి పట్టుకుని ఆగి, మళ్లీ మొదటినుంచీ ఎత్తుకునేవాడు.

ఆ రోజుల్లో మా ఇంట్లో 'ఫైలు' అంటే ఒకటే. ఈ దేశంలో స్థిరపడటానికి పెట్టుకున్న రెసిడెన్సీ ఫైలు. వాళ్లిద్దరి కాగితాలూ, నా కాగితాలూ ఇమ్మిగ్రేషన్ ఆఫీసులో ఉన్నాయి. అత్తయ్య వాటి జిరాక్సులు దేవుడి పటాల వెనక పెట్టి రోజూ ఒక పువ్వు ఉంచేది. మామయ్య యాభైలో వెళ్లే రోడ్డు మీద నలభై ఐదు దాటేవాడు కాదు. పోలీసు కారు ఎదురైతే స్టీరింగు రెండు చేతులా పట్టుకుని ఊపిరి బిగబట్టేవాడు. పోలీస్ క్లియరెన్స్ అన్న మాటను మా ఇంట్లో ఎవరూ గట్టిగా పలికేవాళ్లు కాదు.

ఒక శనివారం మామయ్య మా వీధి చివర గరాజ్ సేల్‌లో కుట్టుమిషన్ కొనుక్కొచ్చాడు. కాలితో తొక్కే పాతకాలపు మిషన్, దానికి చక్కటి చెక్క బల్ల, అటూ ఇటూ సొరుగులు. ఆ ఇంటావిడ డోరీన్‌ను మేం అంతకుముందు దూరం నుంచి చూశాం. తెల్లటి పొట్టి జుట్టు, ఎప్పుడూ ఎర్ర ఉన్ని కార్డిగన్. తుంటి విరిగి ఆసుపత్రి నుంచి నేరుగా వృద్ధుల హోమ్‌కి వెళ్లిపోయిందనీ, ఇల్లు ఖాళీ చేస్తున్నామనీ ఆవిడ అన్న కొడుకు చెప్పాడట. అత్తయ్య సంబరానికి మేర లేదు. ఇక్కడ జాకెట్టు కుట్టించుకునే దారిలేక సూట్‌కేసులో పడి ఉన్న గుడ్డలన్నీ బయటికి తీసింది. సొరుగులు తుడుద్దామని నేను కుడివైపుది లాగాను. సగం దాకా వచ్చి ఆగిపోయింది. పూర్తిగా ఊడదీసి చూస్తే, దాని వెనక ఖాళీలో నూనెగుడ్డ చుట్టిన మూట ఉంది. కత్తెరేమో అనుకుని విప్పాను.

నల్లగా, నేననుకున్న దానికంటే బరువుగా ఉంది. కుట్టుమిషన్ నూనె వాసన. అత్తయ్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మామయ్య ముందు వెళ్లి వీధి వైపు కర్టెన్లు మూశాడు.

"ఎక్కడ దొరికిందో అక్కడే పెట్టెయ్," అన్నాడు.

"పోలీసులకు ఫోన్ చేద్దామండీ," అంది అత్తయ్య.

"ఫైలు ఆఫీసులో ఉండగానా? లైసెన్స్ లేకుండా ఇంట్లో పిస్తోలు ఎందుకుందయ్యా అంటే ఏం చెబుతావ్? జాకెట్లు కుట్టుకోడానికి అని చెబుతావా?"

"పోనీ ఆ అబ్బాయికి తిరిగిచ్చేద్దాం."

"అతను నాది కాదంటే? అప్పుడు మన చేతిలో ఉన్నట్టేగా. నువ్వు నోరు మూసుకుని కాసేపు కూర్చో!"

మామయ్య అత్తయ్యను అంత మాట అనడం నేను అంతకుముందు వినలేదు. అత్తయ్య కూడా వినలేదనుకుంటాను. గుడ్డలన్నీ మడిచి మళ్లీ సూట్‌కేసులో పెట్టేసింది.

ఆ మర్నాడు ఆయన ఇస్త్రీ చేసుకున్నాడుగానీ పద్యం పాడలేదు. రివాల్వర్‌ను ఒకరోజు గరాజ్‌లో, ఒకరోజు సూట్‌కేసులో, ఒకరోజు బియ్యం డబ్బాలో మార్చి మార్చి పెట్టాం. బియ్యం డబ్బాలో ఉన్న రోజే తలుపు తట్టారు. మామయ్య ఆఫీసుకు వెళ్లాడు. తలుపు తీస్తే నీలం చొక్కా పోలీసు. పై వీధిలో ఎవరింట్లోనో దొంగలు పడ్డారట, అనుమానంగా ఎవరైనా కనిపించారా అని అడగడానికి వచ్చాడు. లేదని చెబితే వెళ్లిపోయేవాడే. కంగారులో అత్తయ్య, "టీ తాగుతారా?" అంది. అతను చలిలో తిరుగుతున్నాడేమో, సరే అన్నాడు. వంటింట్లోకి వచ్చి, కూర్చోడానికి ఇంకేదీ కనబడక బియ్యం డబ్బా పక్క స్టూలు మీదే కూర్చున్నాడు. డబ్బా మూత మీద చెయ్యి ఆనించి, ఇండియాలో మీది ఏ ఊరు, ఈ గాలి మీకు అలవాటైందా అని అడిగాడు. నేను జవాబులు చెబుతూ ఆ మూత మీది చేతివంకే చూస్తున్నాను. వెళ్తూ అతను, "తలుపులు గడియ పెట్టుకోండి" అన్నాడు. కారు మలుపు తిరిగాక అత్తయ్య సింకు దగ్గరకు పోయి వాంతి చేసుకుంది.

నేను అప్పుడు మా పేట లైబ్రరీలో వారానికి నాలుగు రోజులు పుస్తకాలు సర్దే పని చేసేదాన్ని. అక్కడికి కీత్ అనే పెద్దాయన రోజూ పదిన్నరకు వచ్చి కిటికీ పక్కన కూర్చునేవాడు. పాత తుపాకుల గురించిన లావుపాటి పుస్తకాలు ఎక్కడెక్కడి లైబ్రరీల నుంచో తెప్పించుకునేవాడు. వాటిని ఆయన చేతికిచ్చేది నేనే. ఆ బుధవారం పుస్తకం అందిస్తూ, "పాత రివాల్వర్ అరుదైనదో కాదో ఎలా తెలుస్తుంది?" అని అడిగాను.

ఆయన కళ్లజోడు తీశాడు. "మెరుపు చూసి తెలియదు. బాగా మెరుస్తుంటే ఎవరో రుద్దారని అర్థం. రుద్దితే విలువ పోతుంది. అచ్చుపోసిన అక్షరాల అంచులు పదునుగా ఉన్నాయా, ప్రతి భాగం మీదా ఒకటే నంబరుందా, అన్నీ పుట్టినప్పటి భాగాలేనా అని చూడాలి. అన్నిటికంటే ముందు, దాని తూటాలు ఇంకా తయారవుతున్నాయా అని చూడాలి. తయారవకపోతే అది పురావస్తువు, ఎవరైనా ఉంచుకోవచ్చు. తయారవుతుంటే చట్టానికి అది పిస్తోలే." నా వైపు చూసి, "ఎందుకడిగావు?" అన్నాడు.

"ఊరికే," అన్నాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని పుస్తకం తెరిచాడు.

పురావస్తువు అన్న మాట నా బుర్రలో గంటలా మోగింది. అది పురావస్తువని తేలితే మేం నేరస్థులం కాము. మర్నాడు నాకు సెలవు. కీత్ అంతకుముందు తిరిగిచ్చిన పుస్తకమొకటి ఇంటికి తెచ్చి, మామయ్య ఆఫీసుకు వెళ్లాక అత్తయ్యనూ కూర్చోబెట్టాను. డైనింగ్ టేబుల్ మీద పూల ప్లాస్టిక్ గుడ్డ. ఎదుటి కుర్చీలో అత్తయ్య టేబుల్ లైట్ వంచి పట్టుకుంది. సూదిలో దారం ఎక్కించుకోడానికి ఆవిడ వాడే భూతద్దంతో నేను నంబర్లు చదివాను. కింద ఒకటి, మధ్యలో తిరిగే చక్రం మీద ఒకటి, పిడి దగ్గర ఒకటి. మూడూ ఒకటే! అక్షరాల అంచులు గోటికి తగులుతున్నాయి. అత్తయ్య మొహంలో అయిదు రోజుల తర్వాత కాస్త వెలుగు కనిపించింది. "చూడవే, బొమ్మలో ఉన్నట్టే ఉంది కదూ," అంది. చక్రం గుంటల్లో గుండ్రటి బూడిదరంగు మొనలు కనబడ్డాయి. అవి కూడా దాని భాగాలే అనుకున్నాను. పుస్తకంలో మంచి స్థితిలో ఉన్నదానికి ట్రిగ్గర్ నొక్కితే చక్రం ఒక గడి తిరిగి ఖచ్చితంగా ఆగాలని ఉంది. అదీ చూద్దామనుకున్నాను.

నొక్కాను. చాలా గట్టిగా ఉంది. రెండు వేళ్లు పెట్టి నొక్కాను. చక్రం తిరిగింది. టిక్ మంది.

"తిరిగింది కదా," అన్నాను. అత్తయ్య లైటు ఆర్పింది. దాని గొట్టం ఎటు తిరిగి ఉందో అప్పుడు మా ఇద్దరిలో ఎవరమూ గమనించలేదు.

ఆ సాయంత్రం నంబర్ల సంగతి చెబితే మామయ్య మొహం మారింది. పుస్తకం తిరగేసి అలాంటి వాటికి రాసిన ధర చూశాడు. భయం అలాగే ఉంది, దాని పక్కన ఆశ వచ్చి కూర్చుంది. అది మరీ ప్రమాదం. శుక్రవారం నేను కీత్‌కు నిజం చెప్పేశాను. శనివారం పొద్దున్నే ఆయన టై కట్టుకుని, చిన్న తోలుసంచితో వచ్చాడు. బూట్లు విప్పాలేమో అని గుమ్మంలోనే ఆగాడు. అత్తయ్య పెట్టిన కాఫీ పక్కన పెట్టుకుని, తెల్లటి చేతితొడుగులు వేసుకుని, నూనెగుడ్డ విప్పాడు.

మొదట ఆయన చేసిన పని, పైన మీట నొక్కి రివాల్వర్‌ను మధ్యకు విరిచినట్టు తెరవడం. ఆరు తూటాలు పైకి లేచి, ప్లాస్టిక్ గుడ్డ మీది పూల మధ్య దొర్లాయి. ఒకటి అత్తయ్య ముందుకు వచ్చి ఆగింది.

"ఇది నిండి ఉందని మీకు తెలుసా?" అన్నాడు కీత్, చాలా నెమ్మదిగా.

"తెలీదు," అన్నాడు మామయ్య. "పాతవి కదా, పేలవేమో..."

"పేలవని నేను చెప్పలేను. ఇంతకంటే పాతవి పేలడం చూశాను."

నేను అత్తయ్య వైపు చూశాను. ఆవిడ అప్పుడు కూడా మొన్నటి కుర్చీలోనే, నాకు సరిగ్గా ఎదురుగా ఉంది. ఆవిడకూ అర్థమైంది. బల్ల కింద నా చెయ్యి వెతికి పట్టుకుంది. ఆ తర్వాత కొంతసేపు కీత్ మాట్లాడిందేదీ నాకు సరిగ్గా వినబడలేదు. టిక్ అన్న చప్పుడొక్కటే చెవుల్లో పదేపదే పడుతోంది.

కీత్ తూటాలు దూరంగా పెట్టించి, భూతద్దం కంటికి ఆనించి చూడటం మొదలుపెట్టాడు. చూస్తున్నకొద్దీ ఆయన బుగ్గలు ఎర్రబడ్డాయి. నంబర్లన్నీ కలిశాయి. పైపూత పుట్టినప్పటిదే. ఒక గుర్తు చూపించి, ఇలాంటివి చాలా కొద్దిగా తయారయ్యాయనీ, ఈ దేశంలో తాను ఇంతకుముందు ఒక్కటే చూశాననీ అన్నాడు. మామయ్య కుర్చీ అంచుకు జరిగాడు. తర్వాత కీత్ వెనకనున్న సుత్తిలాంటి భాగాన్ని బొటనవేలితో లాగి, దాని మొన వైపు చూసి, "అయ్యో" అన్నాడు. భూతద్దం నాకిచ్చాడు. తూటాను పొడవాల్సిన మొన అక్కడ లేదు. ఆకురాయితో అడ్డదిడ్డంగా రాసి చదును చేసినట్టుంది. గీతలు కూడా కనబడుతున్నాయి.

"ఎవరో కావాలని చేశారు. పనివాడు కాదు, చేతగానివాళ్లు. ఇది పేలదు. కొనేవాడూ ఉండడు. ఎవరికి మనసొప్పిందో!" అని కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఇక చట్టం సంగతంటారా, దీని తూటాలు ఇప్పటికీ తయారవుతున్నాయట. కాబట్టి ఇది పిస్తోలే. "నేను పోలీసులకు ఫోన్ చేస్తాను. వాళ్లు వచ్చేదాకా ఇక్కడే ఉంటాను. భయపడకండి, పాత ఇళ్లల్లో ఇలాంటివి దొరుకుతూనే ఉంటాయి."

పోలీసులిద్దరు వచ్చారు. వాళ్లలో ఒకడు టీ తాగినవాడే. ఒక కాగితం మీద మామయ్య సంతకం తీసుకుని, రివాల్వర్‌నూ తూటాలనూ వేరువేరు సంచుల్లో వేసుకుని, థ్యాంక్యూ చెప్పి వెళ్లిపోయారు. అంతే. ఆ వారమంతా మేం భయపడింది దేనికో అదేదీ జరగలేదు. ఇంకొన్ని నెలలకు రెసిడెన్సీ కూడా వచ్చింది. మామయ్య మళ్లీ పద్యాలు అందుకున్నాడు. బుద్ధిలేనివాడి ఆకురాయి కథ అప్పుడే పుట్టింది.

పోలీసులు వచ్చి వెళ్లిన రాత్రి నాకు జ్వరం వచ్చింది. అత్తయ్య తడిగుడ్డ వేస్తూ, "మామయ్యకు చెప్పకు. ఆయన తట్టుకోలేడు" అంది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అన్నా బాగుండేదని ఎన్నోసార్లు అనుకున్నాను. జ్వరం తగ్గాక, "డోరీన్‌ను చూసొద్దామే" అని తనే అంది.

హోమ్‌లో డోరీన్ కిటికీ దగ్గర కూర్చుని ఉంది. అదే ఎర్ర కార్డిగన్. కుట్టుమిషన్ మేం కొన్నామని చెప్పగానే ఆవిడ చేతులు ఒళ్లో బిగుసుకున్నాయి. "దొరికిందా?" అంది. పోలీసులకు ఇచ్చేశామన్నాం. ఆవిడ కళ్లు మూసుకుని కుర్చీలో వెనక్కి వాలింది. మెల్లగా తనే చెప్పింది. ఆ రివాల్వర్ ఆవిడ భర్తది, వాళ్ల నాన్న నుంచి వచ్చింది. ఆయన యుద్ధం నుంచి మరో మనిషై తిరిగొచ్చాడు. కోపం వచ్చినప్పుడు దాన్ని తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టుకుని తినేవాడు. ఎప్పుడూ నింపే ఉంచేవాడు.

"పారెయ్యలేకపోయారా?" అంది అత్తయ్య తన ఇంగ్లీషులో.

"పారేస్తే ఇంకోటి తెచ్చేవాడు. తూటాలు తీస్తే బరువులో తెలిసిపోయేది. బుధవారం మధ్యాహ్నాలు ఆయన బౌలింగ్ క్లబ్బుకు వెళ్లేవాడు. షెడ్డులోంచి ఆకురాయి తెచ్చి మూడు బుధవారాలు అరగదీశాను. రజను పడకుండా కింద తడిగుడ్డ పరుచుకున్నాను."

"తర్వాత?"

"ఒక ఆదివారం భోజనం దగ్గర నాకేసి గురిపెట్టి నొక్కాడు. టిక్ మంది." డోరీన్ కార్డిగన్ గుండీ తిప్పింది. "దాన్ని బల్ల మీద పెట్టేశాడు. మొహం చేతుల్లో పెట్టుకుని ఏడ్చాడు. ఎందుకు పేలలేదని ఎప్పుడూ అడగలేదు. మర్నాడు నేను దాన్ని నా మిషన్లో దాచాను, అక్కడికి ఆయన రాడు. ఆ తర్వాత పదకొండేళ్లు బతికాడు. నేనూ బతికాను."

అత్తయ్య లేచి వెళ్లి ఆవిడ కుర్చీ పక్కన నేలమీద కూర్చుంది. మా వాళ్లు పెద్దవాళ్ల కాళ్ల దగ్గర కూర్చున్నట్టు కూర్చుని, ఆవిడ రెండు చేతులూ తీసుకుని కళ్లకద్దుకుంది. డోరీన్‌కు ఏమీ అర్థంకాక నా వైపు చూసింది. నేను చెప్పాను. గురువారం ఏం జరిగిందో, ఎవరు నొక్కారో, ఎదురుగా ఎవరున్నారో అంతా చెప్పాను. మామయ్యకు చెప్పలేనిది, మా అమ్మకు చెప్పలేనిది, ఆ పరాయి మనిషికి చెప్పాను. ఆవిడ చాలాసేపు అత్తయ్య తల మీద చెయ్యి వేసి ఉంచింది.

కారు దగ్గర అత్తయ్య, "నేనైతే ఎటైనా పారిపోయేదాన్నే," అంది.

"ఎక్కడికి?"

అత్తయ్య తాళంచెవి తలుపులో పెట్టి తిప్పకుండా ఆగింది. "ఎక్కడికో ఆవిడకూ తోచి ఉండదు," అంది చివరికి.

ఇప్పుడు నాకు ఆ రోజుల్లో ఉన్న భయాలేవీ లేవు. పాస్‌పోర్టు ఉంది, ఇల్లుంది, పోలీసు కారు వెనకొస్తే అద్దంలో చూసి ఊరుకుంటాను. మా పిల్లలు తలుపు తట్టిన పోలీసుకు హలో చెప్పి మళ్లీ ఆటలోకి వెళ్లిపోతారు. అప్పుడు మా ఇంటిని కొరుక్కుతిన్న భయం ఒక్క రెసిడెన్సీ ఉత్తరంతో తీరిపోయింది. ఆ ఉత్తరం చేతికి వచ్చిన రోజు అత్తయ్య పూర్ణాలు వండి, మొదటి డబ్బా డోరీన్‌కు పట్టుకెళ్లింది. నేనూ వెళ్లాను. డోరీన్ ఒక పూర్ణం కొరికి, లోపల ఏముందని అడిగి, తీరిగ్గా నమిలి, అప్పుడు గుర్తొచ్చినట్టు, "రివాల్వర్ చూసిన పెద్దమనిషి దాని ఖరీదు ఎంతన్నాడు?" అంది.

"పాడవకుండా ఉంటే చాలా పలికేదట. మొన అరగదీశారు కాబట్టి ఏమీ చెయ్యదన్నాడు."

"ఏమీ?"

"ఏమీ."

డోరీన్ మొహమంతా నవ్వు పరుచుకుంది. "అయితే పని సరిగ్గానే చేశాను," అని ఇంకో పూర్ణం కోసం చెయ్యి చాచింది.